సిటీ యాప్‌లు మన ఫోన్లలో ఎందుకు నిలవడం లేదు?

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. వీడియో పాజ్ చేసి, మీ ఫోన్‌లో ఉన్న యాప్‌లన్నీ ఒకసారి చూసుకోండి. తిండి తెప్పించుకునేవి రెండు ఉంటాయి. బండి బుక్ చేసుకునేవి రెండో మూడో ఉంటాయి. డబ్బులు పంపే యాప్ ఎలాగూ ఉంటుంది. సినిమా టికెట్లకు ఒకటి, రీల్స్‌కు ఒకటి. ఇప్పుడు చెప్పండి, మీరు ఉంటున్న ఊరి మున్సిపాలిటీ యాప్ ఉందా? మంచినీళ్ల బోర్డుది ఉందా? కరెంటు కంపెనీది?

చాలామందికి ఉండదు. ఉన్నా, ఎప్పుడో ఒకసారి పని పడి వేసుకుని, ఓటీపీ రాక విసుగొచ్చి, మళ్లీ తెరవనిది ఉంటుంది. మీది తప్పు అనడానికి ఈ ఎపిసోడ్ చేయట్లేదు. రోజుకు ఆరు గంటలు ఫోన్‌లో ఉండే మనం కూడా మన వీధి చెత్త గురించి, డ్రైనేజీ గురించి, బస్సు గురించి ఉన్న యాప్ వాడట్లేదంటే, దానికి కారణాలు ఉండాలి కదా. అవేంటో చూద్దాం. దానివల్ల ఎవరికి నష్టమో చూద్దాం. చివర్లో మనం చేయగలిగినవి కొన్ని చెప్తాను. ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాద్‌వే తీసుకుంటాను, ఎందుకంటే ఈ కథ ఇక్కడే చాలా ముందు మొదలైంది.

కౌంటర్ నుంచి యాప్ దాకా

మీలో చాలామంది పుట్టకముందు సంగతి. 1999లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ట్విన్స్ అనే పేరుతో ఒక ప్రయోగం మొదలైంది. కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు, ఇంటి పన్ను, అన్నీ ఒకే చోట కట్టొచ్చు. అది 2001లో ఈసేవ అయ్యింది. మీ అమ్మానాన్నల్ని అడగండి, చెప్తారు. అంతకుముందు కరెంటు బిల్లుకు ఒక ఆఫీసు, నీళ్ల బిల్లుకు ఇంకో ఆఫీసు, ఒక్కోదానికి ఒక్కో పూట సెలవు. ఈసేవ వచ్చాక ఏ కౌంటర్ దగ్గర నిలబడినా అన్ని బిల్లులూ తీసుకునేవాళ్లు. 2011లో మీసేవ వచ్చింది. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ లాంటి కాగితాలు కూడా కౌంటర్‌లోనే దొరకడం మొదలైంది.

ఈసేవ ఎందుకు హిట్ అయ్యిందో గుర్తుపెట్టుకోండి, మనకు తర్వాత పనికొస్తుంది. జనానికి కంప్యూటర్ రావాల్సిన అవసరం లేదు. ఏ డిపార్ట్‌మెంట్ ఏ పని చూస్తుందో తెలియాల్సిన అవసరం లేదు. ఒక గది, ఒక మనిషి, ఒక రసీదు. అంతే.

తర్వాత స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి. ఆ ఒక్క గది మళ్లీ ముక్కలైంది. కార్పొరేషన్‌కు ఒక యాప్. వాటర్ బోర్డుకు ఒకటి. కరెంటు డిస్కంకు ఒకటి. పోలీసులకు హాక్ ఐ. మెట్రోకు ఒకటి. 2023లో ఆర్టీసీ బస్సు ఎక్కడుందో చూసుకోవడానికి గమ్యం. వీటిని ఒక చోటికి తెద్దామని 2018లో టీ యాప్ ఫోలియో వచ్చింది. దేశం మొత్తానికి 2017లో ఉమంగ్ వచ్చింది. చెత్త ఫిర్యాదులకు కేంద్రం తెచ్చిన స్వచ్ఛతా యాప్ వేరే. అంటే మా నాన్న తరం కాళ్లరిగేలా తిరిగిన ఆఫీసులన్నీ మన ఫోన్లలోకి వచ్చి, ఇక్కడ కూడా వేరువేరు గదుల్లోనే కూర్చున్నాయి. ఒక్కోదానికి ఒక్కో రిజిస్ట్రేషన్, ఒక్కో ఓటీపీ, ఒక్కో పాస్‌వర్డ్.

మొదటి కారణం: మనకు దాంతో రోజూ పని లేదు

ఒక యాప్ ఫోన్‌లో నిలవాలంటే దాంతో తరచూ పని పడాలి. ఇంటి పన్ను ఏడాదికి ఒకసారో రెండుసార్లో కడతాం. ఏప్రిల్‌లో ముందే కడితే 5 శాతం తగ్గింపు ఇస్తారు కాబట్టి ఆ నెలలో కొంత హడావిడి ఉంటుంది. ఆ పన్ను కూడా ఇంటి ఓనర్ కడతాడు. హాస్టల్లోనో అద్దె రూములోనో ఉండే మనకు దాంతో సంబంధమే లేదు. ఇక ఫిర్యాదులు. వీధి దీపం పోవడం, మ్యాన్‌హోల్ పొంగడం, ఏడాదికి ఎన్నిసార్లు జరుగుతాయి? రెండుసార్లు అనుకుందాం. రెండుసార్ల కోసం ఎనభై ఎంబీ యాప్ ఎవరు పెట్టుకుంటారు? స్టోరేజ్ ఫుల్ అని ఫోన్ మొత్తుకోగానే ముందు ఎగిరిపోయేది అదే.

దీనికి జవాబు ఏంటో మనకు 2024 జులైలో కళ్ల ముందే కనిపించింది. గుర్తుందా? ఉన్నట్టుండి ఫోన్‌పే, గూగుల్ పే లాంటి వాటిలో తెలంగాణ కరెంటు బిల్లు కట్టడం ఆగిపోయింది. రిజర్వ్ బ్యాంకు చెప్పిన ప్రకారం బిల్లులు భారత్ బిల్ పేమెంట్ సిస్టమ్ ద్వారానే వెళ్లాలి. మన డిస్కంలు అప్పటికి అందులో చేరలేదు. దాంతో డిస్కం ఏమంది? మా వెబ్‌సైట్‌లో కట్టండి, లేదా మా యాప్ వేసుకుని కట్టండి అంది. ఇంటింటా అదే గోల. వాట్సాప్ గ్రూపుల్లో "బిల్లు ఎక్కడ కట్టాలి" అనే ప్రశ్నే. కొన్ని వారాల్లోనే డిస్కం ఆ సిస్టమ్‌లో చేరింది, పాత యాప్‌లలో మళ్లీ కట్టడం మొదలైంది. వెంటనే జనం ఎక్కడికి వెళ్లారు? మీ ఇంట్లో ఏం జరిగిందో మీకే తెలుసు.

దీని నుంచి నేర్చుకోవాల్సింది ఒక్కటే. కరెంటు బిల్లు ఆన్‌లైన్‌లో కట్టడానికి జనం ఎప్పుడో అలవాటు పడ్డారు. వాళ్లకు ఇష్టం లేనిది ఇంకో కొత్త యాప్. సేవ కావాలి, యాప్ అక్కర్లేదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే ఆఫీసులు దెబ్బ తింటున్నాయి.

ఈ లెక్క ముందే పట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. హైదరాబాద్ మెట్రో 2022 అక్టోబర్‌లో వాట్సాప్‌లోనే టికెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్‌లో 161 సేవలతో మొదలుపెట్టి, తర్వాత పెంచుకుంటూ పోయింది. 95523 00009 నంబర్‌కు హాయ్ అని పెడితే చాలు. ఇంటర్ పిల్లలు హాల్ టికెట్లు కూడా అందులోంచి తీసుకున్నారు. అదే ఏడాది నవంబర్‌లో తెలంగాణ కూడా మీసేవను వాట్సాప్‌లోకి తెచ్చింది. జనం ఉన్న చోటికే కౌంటర్ నడిచి వెళ్లింది అన్నమాట. ఈసేవ చేసిన పని కూడా అదే కదా.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. మన పౌరసేవలు ఒక విదేశీ కంపెనీ నడిపే మెసేజింగ్ యాప్ మీద ఆధారపడటం ఎంతవరకు మంచిది అని అడిగేవాళ్లు ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. సౌకర్యం కోసం ఆ తలుపు వాడుకోవచ్చు. కానీ అదొక్కటే తలుపు కాకూడదు. వెబ్‌సైట్, ఫోన్ నంబర్, కౌంటర్, ఇవి మూతపడకూడదు.

డౌన్‌లోడ్ వేరు, వాడకం వేరు

"మా యాప్‌ను ఇన్ని లక్షల మంది డౌన్‌లోడ్ చేసుకున్నారు" అని పేపర్లో వస్తే నేను పెద్దగా పట్టించుకోను. ఎందుకో చెప్తాను. స్వచ్ఛ సర్వేక్షణ్ పోటీ తెలుసు కదా, 2016 నుంచి నగరాలకు ర్యాంకులు ఇస్తున్నారు. కొన్నేళ్లు అందులో స్వచ్ఛతా యాప్ వాడకానికి కూడా మార్కులు పెట్టారు. ఆలోచన మంచిదే. కానీ మార్కులు ఉన్నచోట మనవాళ్లు ఏం చేస్తారు? బట్టీ పడతారు! మున్సిపల్ సిబ్బంది కాలనీలకు, కాలేజీలకు వచ్చి "ఫోన్ ఇవ్వండి, యాప్ వేసి ఇస్తాం" అనే డ్రైవ్‌లు నడిచాయి. సర్వే అయిపోయాక ఆ యాప్‌లు ఎన్ని ఫోన్లలో మిగిలాయి?

ఒక సిటీ యాప్ నడుస్తోందో లేదో తెలియాలంటే అడగాల్సిన ప్రశ్న వేరే. ఒకసారి ఫిర్యాదు చేసిన మనిషి, మళ్లీ అవసరం వచ్చినప్పుడు అదే యాప్‌కు తిరిగి వచ్చాడా? బిర్యానీ యాప్ దగ్గరకు మనం ఎందుకు తిరిగి వెళ్తాం? మొదటిసారి బిర్యానీ వచ్చింది కాబట్టి. ఇక్కడ మొదటిసారి ఏం వస్తోంది?

రెండో కారణం: "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది"

మొదటిసారి వచ్చేది ఒక మెసేజ్. ఇది నాకు జరిగిందే చెప్తాను. ఊరు పేరు, ఆఫీసు పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఏ ఊళ్లో అయినా జరిగేదే.

మా సందు మలుపులో వీధి దీపం పోయింది. ఆ సందులోనే అమ్మాయిల హాస్టల్ ఉంది. రాత్రి తొమ్మిదికి షిఫ్ట్ దిగి వచ్చేవాళ్లు ఫోన్ టార్చ్ వేసుకుని నడిచేవాళ్లు. నేను యాప్ తెరిచి ఫిర్యాదు పెట్టాను. పేరు, అడ్రస్, పిన్‌కోడ్, వార్డు, సర్కిల్, ల్యాండ్‌మార్క్, ఫోటో, అన్నీ అడిగింది. అన్నీ ఇచ్చాను. మూడో రోజు మెసేజ్: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. బయటికెళ్లి చూస్తే చీకటే. మళ్లీ పెట్టాను. మళ్లీ పరిష్కరించబడింది. మళ్లీ చీకటే.

మూడోసారి నేను ఒక్కడినే పెట్టలేదు. హాస్టల్ అమ్మాయిలు, కింది కిరాణా కొట్టు అన్న, ఎదురింటి ఆంటీ, మొత్తం పదకొండు మందిమి ఒకే రోజు పెట్టాం. ఆ సాయంత్రం లైన్‌మన్ అన్న వచ్చాడు. కోపంగానే వచ్చాడు. "రెండుసార్లు వచ్చి బాగు చేసి పోయాను, ఇంకేం కావాలి మీకు?" అన్నాడు. తీసుకెళ్లి చూపించాం. ఆయన రెండుసార్లూ బాగు చేసింది పక్క సందులో స్తంభం. అక్కడ కూడా దీపం పోయి ఉంది. ఆయనకు వచ్చిన మెసేజ్‌లో కాలనీ పేరు, మా గుడి ల్యాండ్‌మార్క్ మాత్రమే ఉన్నాయి. గుడి చుట్టూ నాలుగు సందులు. అప్పుడు ఆయన స్తంభం మీద చెయ్యి వేసి చూపించాడు. పెయింట్‌తో ఒక నంబర్ రాసి ఉంది. "ఈ నంబర్ ఒక్కటి చెప్తే చాలు, నేరుగా ఇక్కడికే వచ్చేవాణ్ణి" అన్నాడు.

ఆలోచించండి. ఆ యాప్ నన్ను పది వివరాలు అడిగింది. పని చేసే మనిషికి కావాల్సిన ఆ ఒక్క వివరం అడగలేదు. యాప్ తయారుచేసినవాళ్లు ఆ లైన్‌మన్‌తో ఒక్క గంట తిరిగి ఉంటే అది తెలిసేది. నా దృష్టిలో మన సిటీ యాప్‌ల అసలు జబ్బు ఇదే. యాప్ ముందువైపు బాగానే ఉంటుంది. వెనకవైపు, అంటే ఫిర్యాదు ఎవరి చేతికి వెళ్తుంది, ఆ చేతిలో మనుషులు, సామాను ఉన్నాయా, అయిందని ఎవరు చెప్పాలి, ఇది పాత పద్ధతిలోనే ఉంటుంది.

దీనికి తోడు ఇంకో చిక్కు. హైదరాబాద్‌లో వాననీటి నాలా పొంగితే అది కార్పొరేషన్ పని. మురుగు మ్యాన్‌హోల్ పొంగితే వాటర్ బోర్డు పని. వాన పడిన రోజు రోడ్డు మీద మోకాల్లోతు నీళ్లలో నిలబడినవాడికి ఆ నీళ్లు ఏ శాఖవో ఎలా తెలుస్తుంది? తప్పు యాప్‌లో పెడితే "ఇది మా పరిధిలోకి రాదు" అని క్లోజ్ చేస్తారు. క్లోజ్ అయింది కాబట్టి లెక్కల్లో అది పరిష్కారమైన ఫిర్యాదే!

ఇంకోటి. ఫిర్యాదు ఇన్ని గంటల్లో ముగించాలి అని పైనుంచి గడువు పెడతారు. గడువు దాటితే కింది ఉద్యోగికి మెమో. పని చేయడానికి సామాను లేదు, మనిషి లేడు. కానీ క్లోజ్ బటన్ మాత్రం చేతిలో ఉంది. ఆయన ఏం నొక్కుతాడు?

బ్రిటన్‌లో 2007 నుంచి ఫిక్స్‌మైస్ట్రీట్ అనే సైట్ నడుస్తోంది. వీధిలో గుంత ఉంటే మ్యాప్ మీద గుర్తుపెట్టి రాస్తారు, అది సంబంధిత కౌన్సిల్‌కు వెళ్తుంది. అందులో నాకు నచ్చినవి మూడు. ఏ శాఖ అని మనల్ని అడగదు, మ్యాప్ మీద చోటును బట్టి అదే పంపుతుంది. ఫిర్యాదులు అందరికీ కనిపిస్తాయి, పక్కింటివాడు మళ్లీ అదే రాయక్కర్లేదు. నాలుగు వారాల తర్వాత, రాసినవాళ్లనే "బాగయిందా?" అని అడుగుతుంది. అయిందని చెప్పాల్సింది ఎవరు అనే ప్రశ్నకు అది జవాబు. మన దగ్గర కూడా క్లోజ్ బటన్ సగం పౌరుడి చేతిలో ఉండాలి. ఇదేమీ రాకెట్ సైన్స్ కాదు, ఒక మెసేజ్, రెండు బటన్లు.

మూడో కారణం: ఈ యాప్‌లో మా అమ్మ లేదు

ఇది అన్నింటికంటే ముఖ్యం, కొంచెం ఓపిగ్గా వినండి.

అమెరికాలో బోస్టన్ నగరం 2012లో స్ట్రీట్ బంప్ అనే యాప్ తెచ్చింది. కారులో ఫోన్ పెట్టుకుని వెళ్తుంటే, గుంతలో పడ్డప్పుడు ఫోన్ అదురుతుంది కదా, దాన్నిబట్టి గుంత ఎక్కడుందో నగరానికి తెలిసిపోతుంది. మనిషి ఫిర్యాదు కూడా చేయక్కర్లేదు. అద్భుతం కదా? కానీ పరిశోధకులు ఒక మాట అడిగారు. స్మార్ట్‌ఫోన్లు, కార్లు ఎక్కువ ఉన్నది ఎవరి దగ్గర? డబ్బున్న పేటల్లో. అంటే గుంతలన్నీ అక్కడే ఉన్నట్టు మ్యాప్ చూపిస్తుంది. పేదల వీధులు నున్నగా ఉన్నట్టు కనిపిస్తాయి. నిజానికి అక్కడ ఫోన్లు లేవు, అంతే.

ఇదే మన ఊరికి పెట్టి చూడండి. గేటెడ్ కమ్యూనిటీ నుంచి రోజుకు ఇరవై ఫిర్యాదులు వస్తాయి, బస్తీ నుంచి రెండు వస్తాయి అనుకుందాం. ఆఫీసులో కూర్చున్నవాడికి బస్తీలో సమస్యలు లేవని అనిపిస్తుంది. అక్కడ పదిమంది అక్కలు నీళ్ల డ్రమ్ముల దగ్గర రోజూ గంట నిలబడుతుంటారు. అది డేటా కాలేదు. డేటా కానిది బడ్జెట్‌లోకి రాదు.

జనం యాప్‌లు వాడట్లేదని కోప్పడేవాళ్లు 2020 నవంబర్ గుర్తుతెచ్చుకోవాలి. అక్టోబర్ వరదల తర్వాత ఇంటికి 10 వేల రూపాయల సాయం కోసం హైదరాబాద్‌లో మీసేవ కేంద్రాల ముందు తెల్లవారుజాము నుంచి ఎంత పొడవు క్యూలు ఉన్నాయో టీవీల్లో చూశాం. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు. అలాగే 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా జరిగిన ప్రజాపాలన. తెలంగాణ మొత్తంలో కోటీ పాతిక లక్షల దరఖాస్తులు వచ్చాయి. దేని మీద? కాగితం మీద. ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ రాసిచ్చే నగరం ఉన్న రాష్ట్రంలో, జనానికి నమ్మకం కుదిరింది చేతికిచ్చే కాగితం మీద, దాని మీద పడే స్టాంపు మీద. ఆ రసీదు వాళ్లకు ఒక ధైర్యం. స్క్రీన్ మీద వచ్చే పచ్చ టిక్కు ఆ ధైర్యం ఇవ్వట్లేదు.

ఎందుకివ్వట్లేదో మీ ఇంట్లోనే చూడొచ్చు. అమ్మకు ఫోన్ ఉంటుంది, కానీ ఆధార్‌కు లింక్ అయిన నంబర్ నాన్నది. ఓటీపీ ఆయన ఫోన్‌కు వెళ్తుంది, ఆయన డ్యూటీలో ఉంటాడు. వాచ్‌మన్ అన్న నంబర్ రీఛార్జ్ చేయక ఎప్పుడో పోయింది, కొత్త నంబర్ ఆధార్‌లో లేదు. ఇంటి పనికొచ్చే అక్కకు చదవడం రాదు, వాయిస్ మెసేజ్‌లు మాత్రం చకచకా పంపుతుంది. ఇక యాప్‌లో తెలుగు చూడండి. "ఫిర్యాదు ఉపవర్గమును ఎంచుకొనుము". ఎవరు మాట్లాడతారండీ ఇలా? "మీ సమస్య ఏంటి?" అని అడిగితే పోయేది ఏముంది? కొన్నిచోట్ల తెలుగు బటన్ నొక్కితే పైన హెడ్డింగ్ తెలుగులోకి మారుతుంది, లోపల ఫారం ఇంగ్లీషులోనే ఉంటుంది. పాతబస్తీలో ఉర్దూ సంగతి ఇక చెప్పక్కర్లేదు.

చివరికి ఏమవుతోంది? యాప్ వాడేది ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి. మనిషికి యాభై, వంద తీసుకుని తన ఫోన్‌లో నింపి పెడతాడు. ఉచిత సేవకు పేదవాడు ఫీజు కడుతున్నాడు. ఫోన్ వాడటం వచ్చిన మనకు అదే పని ఊరికే అవుతోంది. ఇది సరిగ్గా తిరగబడి ఉండాలి కదా?

నాలుగో కారణం: భయం

భయపడేవాళ్లను చూసి నవ్వకండి. "మీ ట్రాఫిక్ చలానా పెండింగ్‌లో ఉంది, ఈ ఫైల్ ఓపెన్ చేయండి" అని వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ వస్తుంది. పైన ప్రభుత్వ లోగో ఉంటుంది. ఇన్‌స్టాల్ చేస్తే మన మెసేజ్‌లు, ఓటీపీలు అవతలివాడి చేతికి వెళ్తాయి. "ఈ రాత్రికి మీ కరెంటు కట్ చేస్తాం, ఈ నంబర్‌కు ఫోన్ చేయండి" అనేది ఇంకో రకం. అసలు యాప్‌లే ఇరవై ఉన్నప్పుడు, ఇరవై ఒకటోది దొంగదని ఎలా తెలుస్తుంది? యాప్‌లు ఎక్కువైతే దొంగలకే సుఖం.

అసలైనవి కూడా జాగ్రత్తగా ఉండాలి. 2024లో హాక్ ఐ యాప్ డేటా బయటకు పోయింది, తెలంగాణ పోలీసులే కేసు పెట్టి ఒకరిని అరెస్టు చేశారు. పట్టుకున్నారు, మంచిదే. కానీ ఆ యాప్‌లో ఆపదలో ఉన్నప్పుడు నొక్కే బటన్ ఉంది. దాన్ని నమ్మి అమ్మాయిలు తమ వివరాలు ఇచ్చారు. నమ్మకం ఒకసారి పోతే రెండో డౌన్‌లోడ్ రాదు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం ఉందని తెలిసిన పౌరులు కూడా ఉంటేనే అది పనిచేస్తుంది.

సరే, మనం ఏం చేద్దాం?

అన్నీ ప్రభుత్వమే చేయాలని కూర్చుంటే ఈ ఎపిసోడ్ దండగ. మన చేతిలో ఉన్నవి చెప్తాను.

ఒకటి. యాప్ గుర్తులేకపోయినా నంబర్లు సేవ్ చేసుకోండి. కరెంటు పోతే 1912. హైదరాబాద్‌లో మంచినీళ్లు, మురుగు సమస్యకు 155313. జీహెచ్‌ఎంసీకి 040 2111 1111. సైబర్ మోసం జరిగితే 1930, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

రెండు. యాప్‌ను ప్లే స్టోర్ నుంచి లేదా ఆ సంస్థ అసలు వెబ్‌సైట్‌లో ఉన్న లింక్ నుంచి మాత్రమే వేసుకోండి. వాట్సాప్‌లో వచ్చిన ఫైల్ మీ సొంత మామయ్య పంపినా నొక్కొద్దు. పాపం ఆయన ఫోన్ అప్పటికే పోయి ఉండొచ్చు. వీధి దీపం యాప్ మీ కాంటాక్ట్‌లు అడిగితే వద్దు అని నొక్కండి.

మూడు. ఫిర్యాదు పెట్టేటప్పుడు, పని చేయడానికి వచ్చే మనిషి కళ్లతో రాయండి. స్తంభం నంబర్, మీటర్ నంబర్, ఏ షాపు ఎదురుగా, రోడ్డుకు ఏ పక్క. ఒక ఫోటో దగ్గరనుంచి, ఒకటి దూరం నుంచి. ఫిర్యాదు నంబర్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

నాలుగు. అవ్వకుండానే అయిందని మెసేజ్ వస్తే వదలొద్దు. ఆ రోజు తేదీ కనిపించేలా ఫోటో తీసి మళ్లీ పెట్టండి, పాత నంబర్ అందులో రాయండి. ఒక్కరు కాకుండా నలుగురు పెట్టండి. మర్యాదగానే రాయండి. అవతల ఉన్నది కూడా జీతం మీద బతికే మనిషే, చాలాసార్లు కాంట్రాక్టు మనిషి. పని నిజంగా అయితే మంచి రేటింగ్ కూడా ఇవ్వండి. బాగా చేసినవాడి పేరు పైకి వెళ్లాలి కదా.

ఐదు. మీలో సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవాళ్లు, కాలేజీ ప్రాజెక్టు కోసం ఐడియాలు వెతికేవాళ్లు చాలామంది ఉంటారు. దయచేసి ఇంకో కంప్లయింట్ యాప్ చేయకండి. ఉన్నవాటి వెనక ఏం జరుగుతోందో చూడండి. ఒక శానిటేషన్ జవాన్‌తో, ఒక లైన్‌మన్‌తో ఒక రోజు తిరగండి. వాళ్లకు ఏ మెసేజ్ వస్తోంది, ఏ వివరం లేక తిరుగుతున్నారు, అది రాయండి. ఫారంలో ఉన్న గ్రాంథిక తెలుగును మాట్లాడే తెలుగులోకి మార్చి పంపండి. అది ఏ యాప్ కంటే తక్కువ పని కాదు.

ఆఖరిది. ఈ వారం మీ ఫోన్‌తో మీ కోసం కాకుండా ఇంకొకరి కోసం ఒక ఫిర్యాదు పెట్టండి. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఇంటి దగ్గర నీళ్లు రావట్లేదేమో అడగండి. ఇంటి పనికొచ్చే అక్క బస్తీలో దీపం ఉందో లేదో అడగండి. "మీకేం తెలుసు, నేను చేస్తా ఇవ్వండి" అని లాక్కోకండి. పక్కన కూర్చుని, ఏం నొక్కుతున్నామో చూపిస్తూ చేయండి. ఒకసారి ఆమె చేత్తో పెట్టిన ఫిర్యాదుకు నల్లాలో నీళ్లు వస్తే, రెండోసారి ఆమె మిమ్మల్ని అడగదు. తనే పెడుతుంది. ఇంకో నలుగురికి చెప్తుంది. ఏ ప్రకటనా చేయలేని పని అది.

ఈ నగరం లెక్కల్లోకి ఎవరి వీధి రావాలి అన్నది ఇప్పుడు మన వేలి మీద ఆధారపడి ఉంది. మన వీధి మాత్రమే వస్తే సరిపోదు.

మీ ఊళ్లో ఏ సేవ ఫోన్‌లో బాగా నడుస్తోందో, ఏది నడవట్లేదో కింద రాయండి. విశాఖ, విజయవాడ, వరంగల్, కరీంనగర్, తిరుపతి, ఏ ఊరైనా సరే. బాగున్నవి కూడా తప్పకుండా రాయండి, వాటి గురించి ప్రత్యేకంగా ఒక ఎపిసోడ్ చేద్దాం. అప్పటిదాకా ఉంటాను. నమస్తే.